గేటు దగ్గర అత్తయ్య చోటు

“మీ ఆవిడతో చెప్పు, ఆ కర్ర గరిటె ఇలా ఇమ్మని,” అంది అత్తయ్య.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. అత్తయ్యా, జూసీ పొయ్యి దగ్గర భుజాలు రాసుకునేంత దగ్గరగా ఉన్నారు. గరిటె జూసి చేతి పక్కనే ఉంది. అయినా కబురు నా మీదుగానే వెళ్ళాలి. ఆదివారం నుంచీ మా ఇంట్లో ఇదే వరస. తల్లీకూతుళ్ళు ఒకే వంటింట్లో తిరుగుతూ, ఒకరితో ఒకరు మాట్లాడకుండా, మాటలన్నీ నా చేత మోయిస్తున్నారు.

“జూసీ, గరిటె,” అన్నాను.

“మీ అత్తగారితో చెప్పు, ఆ భుజంతో పిండి గిలక్కొడితే రేపు దువ్వెన పట్టుకోడానికి కూడా చెయ్యి లేవదని.”

“అత్తయ్యా, భుజం...”

“వినబడింది. పోయింది భుజం. చెవులు కావు.”

ఆవిడే చెయ్యి చాచి గరిటె అందుకుంది. గిన్నెలో పెట్టి నాలుగు తిప్పులు తిప్పింది. అయిదో తిప్పుకు మొహం బిగుసుకుపోయింది. పెదవి కొరుక్కుని, గరిటె వదిలేసి, గోడవైపు తిరిగి భుజం పట్టుకుంది. జూసి ఒక అడుగు ముందుకు వేసింది. వేసి, ఏదో గుర్తుకొచ్చినట్టు ఆగిపోయి, ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. ఆ కళ్ళనీళ్ళు ఉల్లిపాయలవో కావో అడిగే ధైర్యం నాకు లేదు.

అత్తయ్య పేరు వాల్దెలిస్. మా ఊరు సాల్వదోర్‌లో ఫుట్‌బాల్ చూసినవాళ్ళెవరికీ ఆ పేరు చెప్పనక్కర్లేదు. పాత స్టేడియం ఉన్న రోజుల్లో పెద్ద గేటు పక్కన ఆవిడదో చోటు. అంతకుముందు ఆవిడ తల్లి కూర్చున్నదీ అక్కడే. తెల్ల లేసు లంగా చుట్టూ పరుచుకుని, మెడనిండా పూసలు వేసుకుని, తలకు తెల్లగుడ్డ చుట్టుకుని, ముందు మూకుడు పెట్టుకుని అకరజే వేసేది. పొట్టు తీసి రుబ్బిన బొబ్బర్ల పిండిని ఎర్రటి దెందే నూనెలో వేయించి, మధ్యకు చీల్చి, రొయ్యలు కూరి ఇచ్చే వడ అది. గోలు పడినా, పడకపోయినా, అది తినకుండా ఇంటికి వెళ్ళినవాడు మా ఊళ్ళో లేడు.

పాత స్టేడియం పడగొట్టి కొత్తది కట్టారు. కట్టినంతకాలం అత్తయ్య దుమ్ములో నిలబడి చూసి వచ్చేది. “నా చోటు అలాగే ఉందిరా అల్లుడూ, గేటు మాత్రం కొంచెం జరిగింది,” అని సంబరంగా చెప్పేది. ఇంతలో ప్రపంచ దేశాల పోటీలు మా ఊరికి వచ్చాయి. వాటితోపాటు ఒక హుకుం కూడా వచ్చింది. పోటీలు జరిగినన్నాళ్ళూ స్టేడియం చుట్టుపక్కల వీధుల్లో బయటివాళ్ళు ఏమీ అమ్మకూడదట. అకరజే కూడా.

“అకరజే కూడానా?” అని అత్తయ్య అడిగిన తీరు చూస్తే, ఊపిరి తీసుకోవద్దన్నారేమో అనిపించింది.

ఇవాళ మొదటి ఆట. ఊళ్ళో అకరజే వేసే ఆడవాళ్ళంతా తెల్లబట్టలు కట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళి, మూకుళ్ళు పెట్టి, వచ్చేపోయేవాళ్ళకు ఊరికే పంచాలని అనుకున్నారు. అమ్మకూడదన్నారు కానీ పంచకూడదనలేదుగా! ఈ తెలివి రైల్దక్కది. వాళ్ళ సంఘానికి ఆవిడే పెద్ద.

అంతా బాగానే ఉంది. పిండి గిలక్కొట్టేదెవరు? అసలు పని అదే. పిండిలోకి గాలి ఎక్కేదాకా, తెల్లగా నురగలా లేచేదాకా, చెయ్యి ఆపకుండా కొట్టాలి. లేకపోతే వడ రాయి అవుతుంది. అత్తయ్య భుజం నిరుటినుంచి సహకరించడంలేదు. ఆ చెయ్యి వాటం అచ్చుగుద్దినట్టు వచ్చింది ఒక్క జూసికే. జూసేమో గరిటె పట్టనంటోంది.

మా పాపకు చిన్నప్పుడు పెద్ద జబ్బు చేసింది. అప్పుడు చర్చివాళ్ళు వంతులు వేసుకుని మా పాప మంచం పక్కన కూర్చున్నారు. వండి పెట్టారు, మోకాళ్ళమీద ప్రార్థనలు చేశారు. పాప బతికింది. జూసి ఆ చర్చిదైపోయింది. నేను తప్పుపట్టను. పాపను ఎత్తుకుని ఆసుపత్రి వరండాలో తిరిగినవాణ్ణి, నేనెలా తప్పుపడతాను?

కానీ అకరజే అత్తయ్య కొలిచే గాలివాన తల్లి ఇయన్సాన్‌కు పెట్టే తిండి. చర్చిలో ఆ పేరు ఎత్తరు. అందుకని జూసి బస్టాండు మూల అదే బొబ్బర్లతో, అదే దెందే నూనెతో, అదే చేత్తో వేసే వడకు పేరు మార్చేసింది. ‘యేసు వడ’ అని అట్టమీద రాసి పెట్టుకుంది. పూసలు లేవు, తలగుడ్డ లేదు. ఆ అట్ట చూసిన రోజున అత్తయ్య అన్నం తినలేదు. అప్పట్నుంచీ మా వంటింట్లో రెండు గిన్నెలు, రెండు గరిటెలు.

ఆదివారం గొడవ ఇలా నడిచింది. “ఆ ఒక్కరోజుకూ నా పిండి కొట్టిపెట్టవే,” అంది అత్తయ్య. “నీ మీద ప్రేమ లేక కాదమ్మా, అది మీ గాలివాన తల్లికి పెట్టే పిండి, నేను చెయ్యి పెట్టను,” అంది జూసి. “ఆ చెయ్యి నేనిచ్చిందే!” “దేవుడిచ్చాడు!” అంతే. ఆ తరవాత ఇద్దరి మధ్యా మాట లేదు. నేనున్నానుగా!

“ఏంటి చూస్తున్నావ్? రా, నువ్వు కొట్టు,” అంది అత్తయ్య నాతో.

“నేనా? బస్సు నడిపేవాణ్ణి అత్తయ్యా.”

“స్టేడియం వైపు బస్సులు ఆపేశారుగా. ఖాళీగానే ఉన్నావుగా. పట్టు.”

పట్టాను. చెమటలు కక్కుకుంటూ కొట్టాను. జూసి తన గిన్నె ముందు పెట్టుకుని, నావైపు ఓరగా చూస్తూ, తన పిండి కొట్టుకుంటోంది. ఆవిడ గరిటె చప్పుడు పాటలా ఉంది. నా గరిటె చప్పుడు గోడకు మేకు కొడుతున్నట్టుంది.

అత్తయ్య వచ్చి, వేలు ముంచి, కాసేపు చూసింది.

“నాయనా, ఇది పిండి కాదు, సిమెంటు. దీంతో ఇంకో స్టేడియం కట్టొచ్చు.”

జూసి కిసుక్కున నవ్వింది. అత్తయ్య పెదవులు కూడా అదిరాయి. ఇద్దరూ ఒకేసారి నవ్వబోయి, ఒకేసారి మూతి బిగించుకున్నారు. చూడ్డానికి ఒకే మొహం రెండు వయసుల్లో ఉన్నట్టుంది.

“మీ అత్తగారిని అడుగు,” అంది జూసి, గొంతు మార్చుకుని. “మొన్న బస్సు చార్జీల కోసం కాలేజీ పిల్లలు ఊరేగితే కళ్ళలోకి పొగ కొట్టారు. రబ్బరు గుండ్లు పేల్చారు. ఇవాళ అలాగే అయితే పరిగెత్తగలదా, అడుగు.”

“మీ ఆవిడతో చెప్పు, నేను పరిగెత్తడానికి వెళ్ళడంలేదు. కూర్చోడానికి వెళ్తున్నాను.”

“ఈ వయసులో ఆ చోటెందుకట? ఇంట్లో ఏం తక్కువైందట?”

అత్తయ్య గోడవైపు తిరిగింది. నా మీదుగా పంపే మాట కాదనుకుందేమో, గోడకే చెప్పినట్టు చెప్పింది.

“నాకోసం అనుకుంటున్నారా అందరూ? ఈ చేత్తో నేనింకెన్నాళ్ళు వేస్తాను? మా అమ్మ నన్ను కూర్చోబెట్టి పోయింది. నేను కూడా ఒకర్ని కూర్చోబెట్టి పోవాలి. చోటంటూ ఉంటేగా కూర్చోబెట్టడానికి.”

జూసి గరిటె చప్పుడు ఆగిపోయింది.  తరవాత తన గిన్నెమీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, రోజూ చేసే ప్రార్థన చేసింది. నా గిన్నెకు కప్పినట్టే దానికీ తడిగుడ్డ కప్పింది. అత్తయ్యవైపు చూడకుండా, చర్చికి వేసుకునే నీలం లంగా ఇస్త్రీ చేసుకోడానికి పైకి వెళ్ళిపోయింది. బస్టాండుకు బయల్దేరేముందు ఆవిడకది అలవాటు.

అత్తయ్య తెల్లబట్టలు కట్టుకుని వచ్చేసరికి వీధిలో రైల్దక్క వ్యాను హారన్ కొడుతోంది.

“అల్లుడూ! మూకుడు! నూనె డబ్బా! గిన్నె! తొందరగా!”

నేను అన్నీ మోసి వ్యానులో పడేశాను. గిన్నె ఎత్తినప్పుడు తేలిగ్గా తోచింది. ‘పిండి కొట్టి కొట్టి నా చేతుల్లో బలం పెరిగింది’ అనుకున్నానే తప్ప, నా మట్టిబుర్రకు ఇంకేమీ తట్టలేదు.

*

గేటు ముందు పోలీసులు డాళ్ళు పట్టుకుని వరసగా నిలబడ్డారు. వాళ్ళకెదురుగా తెల్లలంగాలు విచ్చుకుని మా ఆడవాళ్ళు. మధ్యలో ఇనప కంచె. ఎవరో డోలు తెచ్చారు. ఇంకెవరో ‘అకరజే లేని ఆట మాకొద్దు’ అని అట్టమీద రాసుకొచ్చారు. కాలేజీ పిల్లలు కూడా కొందరు వచ్చి చేరారు. మొన్న పొగ పీల్చిన కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి పాపం.

అత్తయ్య కంచె దగ్గరికి వెళ్ళి, నేలను కాసేపు పరకాయించి చూసింది.

“ఇక్కడే,” అంది. “కాదు, కొంచెం ఎడమకు. ఆఁ, ఇక్కడ.”

ఆవిడ కూర్చుంటే పోలీసువాడి బూటు మీద లంగా అంచు పడింది. వాడు కాలు వెనక్కి తీసుకున్నాడు. “దీర్ఘాయుష్మంతుడివై ఉండు నాయనా,” అంది ఆవిడ నిజంగానే. 

నూనె కాగింది. మాడకుండా ఉండటానికి అందులో ఒక ఉల్లిపాయ వేసింది. తడిగుడ్డ తీసి, గరిటెతో పిండి తీసింది. తీసి, అలాగే పట్టుకుని ఉండిపోయింది. పిండి గరిటె మీద తెల్లగా, మబ్బు ముక్కలా నిలబడింది.

“అల్లుడూ, ఇది నువ్వు కొట్టిన పిండేనా?”

“అవునత్తయ్యా,” అన్నాను గర్వంగా. “నానితే పొంగుతుందేమో!”

“ఊఁ,” అంది ఆవిడ.

మొదట చిట్టి చిట్టి వడలు వేసింది. అవి ఎవరూ తినేవి కావు, దారులు కాచే దేవుడు ఎషూకు చెందుతాయి. ఆయనకు ముట్టజెప్పనిదే ఏ పనీ మొదలుపెట్టకూడదు. అత్తయ్య పెదవులు కదుపుతూ వాటిని కంచె అవతల రోడ్డు మీదికి విసిరింది. పోలీసుల వరస కొంచెం కదిలింది. ఒకడు తల వంచి, ఎవరూ చూడకుండా గుండెలమీద చెయ్యి వేసుకున్నాడు. నేను చూశాను.

తరవాత పెద్ద వడలు. చీల్చడం, రొయ్యలు కూరడం, కాగితంలో చుట్టి ఇవ్వడం. జనం ఎగబడ్డారు. టోపీలు పెట్టుకున్న విదేశీయులు కూడా వచ్చి చేతులు చాచారు. డోలు జోరందుకుంది. నేనూ ఒకటి తీసుకుని కొరికాను.

కరకరమంది పైన. లోపల దూది. పంటికింద ఉల్లిపాయ తియ్యగా తగిలింది.

 ఈ వడ నేను పెళ్ళయినప్పట్నుంచీ తింటున్నాను. నేను కొట్టిన సిమెంటులోంచి ఇది చచ్చినా రాదు. ఇది జూసి చెయ్యి. జూసి ప్రార్థన చేసిన గిన్నె. అందులోంచి మొదటి వాయి తీసి ఎషూకు విసిరేశాం!

“అత్తయ్యా...” అన్నాను.  “గిన్నె... గిన్నె మారింది...”

“నోర్మూసుకుని తిను,” అంది ఆవిడ, తలెత్తకుండా. “గరిటెడు తీసినప్పుడే తెలిసింది నాకు.”

“మరి ఆపలేదేం?”

“ఇంతమంది చేతులు చాచి నిలబడితే ఏమని ఆపను? మా అల్లుడు గుడ్డివాడని చెప్పనా?”

అప్పుడే వెనకనుంచి కేకలు వినిపించాయి. “అయ్యో, దారివ్వండి! దారివ్వండయ్యా!” జనాన్ని తోసుకుంటూ జూసి వస్తోంది. నీలం లంగా, తెల్ల జాకెట్టు, చంకలో సత్తు గిన్నె. జుట్టు ఊడిపోయింది. బస్టాండు నుంచి ఇంతదూరం ఆ సిమెంటు గిన్నె మోసుకుని నడిచి వచ్చింది మహాతల్లి. ఒక పోలీసు అడ్డం వస్తే, “తప్పుకోవయ్యా, లోపల మా అమ్మ ఉంది!” అంటూ డాలు కిందనుంచి దూరిపోయింది.

నేను రైల్దక్క వెనక్కి నక్కబోయాను. ఆవిడ పక్కకు తప్పుకుంది. ఆడవాళ్ళంతా ఒకటే.

“ఏమయ్యో! కళ్ళెక్కడ పెట్టుకున్నావ్? గుడ్డ తీస్తే...” అని మొదలుపెట్టిన జూసి, మూకుడు చూసింది. మూకుట్లో పొంగుతున్న వడలు చూసింది. రోడ్డు మీద పడి ఉన్న చిట్టివడలు చూసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

నేను ఏదో అనబోయాను. ఎవరూ నన్ను పట్టించుకోలేదు.

“అమ్మా,” అంది జూసి. ఆదివారం తరవాత అదే మొదటి మాట. “దాని మీద నేను ప్రార్థన చేశాను.”

అత్తయ్య గరిటె పక్కన పెట్టింది. తలెత్తి కూతుర్ని చూసింది.

“అందుకే ఇంత పొంగింది,” అంది.

జూసి జుట్టు వెనక్కి నెట్టుకుంది. గిన్నె కింద పెట్టింది. అరవడానికే వచ్చిందని నాకు తెలుసు. అంతదూరం అరవాల్సిన మాటలన్నీ కూడగట్టుకునే వచ్చి ఉంటుంది. ఒక్కటీ బయటికి రాలేదు. అత్తయ్య పక్కన గొంతుక్కూచుని, “నూనె మరీ కాగిపోయింది. మంట తగ్గించు,” అంది.

“నాకు చెప్తావా?”

“చెప్తాను. మాడిపోతోంది.”

మంట తగ్గించింది అత్తయ్య. ఆ తరవాత కూరేది జూసి, చుట్టి ఇచ్చేది నేను. కానీ గరిటె మాత్రం జూసి ముట్టుకోలేదు. అత్తయ్య ఇవ్వనూ లేదు.

*

డోలు ఒక్కసారిగా ఆగిపోయింది. గేటు లోపలినుంచి మెడలో కార్డు వేలాడేసుకున్న కుర్రాడొకడు వచ్చాడు. మా దేశపు దక్షిణాది యాస. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుపోయింది. రైల్దక్కను పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. రైల్దక్క రెండు చేతులూ పైకెత్తి తిరిగి వచ్చింది.

“ఒప్పుకున్నారు!” అని అరిచింది. “అందర్నీ కాదు. కొందర్ని. గేటు లోపలే, ఆటలు అయ్యేదాకా!”

ఎగిరారు, ఏడ్చారు, కౌగిలించుకున్నారు. కాలేజీ పిల్లలు అట్టలు గాల్లోకి విసిరారు. ఇందాక బూటు వెనక్కి తీసుకున్న పోలీసు మెల్లిగా చెయ్యి చాచాడు. నేను వాడికొక వడ ఇచ్చాను. డాలు వెనక దాచుకుని తిన్నాడు.

“మొదటి చోటు ఎవరిదో అడగక్కర్లేదు,” అంది రైల్దక్క. “వాల్దె పిన్నిది. ఆవిడ తల్లి కూర్చున్న చోటు.”

అందరూ చప్పట్లు కొట్టారు. అత్తయ్య లేవలేదు.

“నాది కాదు,” అంది. “నా భుజం పనికిరాదు. రోజంతా నేను వెయ్యలేను. మా జూసిది.”

చప్పట్లు ఆగిపోయాయి. జూసి నిలువునా అదిరిపడింది.

“అమ్మా, నేనడిగానా?”

“నువ్వు అడగలేదు. నేను చెప్తున్నాను.”

“మేమంతా ఎండలో నిలబడి సాధిస్తే, యేసు వడ అమ్మేదానికి ఇస్తారా?” అందొకావిడ వెనకనుంచి. తప్పు కూడా కాదు ఆ మాట.

“ఇవాళ నువ్వు తిన్న వడ ఎవరు కొట్టిన పిండి?” అని అత్తయ్య తిరిగింది. “బాగుందని రెండోది అడిగావుగా! తినేటప్పుడు పేరు అడిగావా?”

 కార్డు కుర్రాడు జూసిని పైనుంచి కిందిదాకా చూశాడు. నీలం లంగా. పూసల్లేని మెడ.

“తొందరగా తేల్చండమ్మా, జనాన్ని లోపలికి వదిలే టైమవుతోంది,” అన్నాడు. “ఏం అమ్ముతారు మీరు? పైవాళ్ళకు చెప్పాలి.”

“యేసు వడ,” అంది అత్తయ్య.

“అకరజే,” అంది జూసి.

రెండు మాటలూ ఒక్కసారే వచ్చాయి. కుర్రాడు ఒకసారి ఇటూ, ఒకసారి అటూ చూశాడు. నాకు చెవులు సరిగ్గా పనిచేస్తున్నాయా అని అనుమానం వచ్చింది. పేరు చూసి అన్నం మానేసిన మనిషి ఇంతమందిలో గొంతెత్తి ఆ పేరు చెప్పింది! అకరజే అన్న మాట నోటితో పలకనని ఒట్టేసుకున్న జూసి ఆ మాటే చెప్పింది!

“నీకేమైనా మతిపోయిందటే?” అంది అత్తయ్య. “ఆ మాటంటే మీ యేసయ్య ఊరుకుంటాడా?”

“నువ్వా మాటంటే మీ గాలివాన తల్లి ఊరుకుంటుందా?”

“ఆవిడతో నేను చెప్పుకుంటాను!”

“ఆయనతో నేను చెప్పుకుంటాను!”

చుట్టూ నవ్వులు లేచాయి. రైల్దక్క లంగా అంచుతో కళ్ళు ఒత్తుకుంటోంది. తల్లీకూతుళ్ళు మాత్రం నవ్వడంలేదు. ఇంతకాలం ఎవరి పట్టు వాళ్ళు పట్టారు. ఇప్పుడు ఒకరి పట్టు ఇంకొకరు పట్టుకుని లాగుతున్నారు.

“చూడండమ్మా,” అన్నాడు కుర్రాడు విసుగ్గా. “నాకు పైనుంచి అనుమతి ఉన్నది అకరజేకు. ఇంకే పేరుకూ లేదు. ఈ బట్టలతో కుదరదు. మిగతావి తరవాత చూసుకోవచ్చు, కనీసం తలగుడ్డ అయినా ఉండాలి. లేదంటే చెప్పండి, ఇంకొకర్ని పంపిస్తాను.”

 జూసి నావైపు చూసింది. నేనేం చెప్పను? ఆ గుడ్డ చుట్టుకుంటే, పాప మంచం పక్కన కూర్చున్న ఆ మనుషులే రేపు చర్చిలో మొహం తిప్పుకుంటారు. చుట్టుకోకపోతే, వాళ్ళ అమ్మమ్మ కూర్చున్న చోట్లో ఇంకెవరో కూర్చుంటారు. నాకు ఏడుపొచ్చింది. చెప్పడానికి సిగ్గెందుకు, ఏడ్చాను కూడా.

అత్తయ్య మెల్లిగా లేచింది. నా చెయ్యి పట్టుకోలేదు. రెండు చేతులూ పైకెత్తి తన తలగుడ్డ విప్పుకుంది. ఇన్నేళ్ళలో ఆవిడ జుట్టు వీధిలో నేనెప్పుడూ చూడలేదు. పలచగా, తెల్లగా, చిన్న చిన్న జడలుగా అల్లుకుని ఉంది. పోలీసులు కూడా అటు తిరిగారు.

“బలవంతం లేదే తల్లీ,” అంది. “వద్దనుకుంటే మానెయ్. నేనేమీ అనుకోను. నిజంగా.”

ఏమీ అనుకోనని ఆవిడ అనడం మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. 

“ఒక్క నిమిషం ఆగు అమ్మా.”

జూసి తల వంచింది. కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. క్షమించమని అడుగుతోందో, అనుమతి అడుగుతోందో, వద్దని చెప్పే ధైర్యం ఇమ్మంటోందో. పక్కనే ఉన్నా నాకు ఒక్క మాటా వినబడలేదు.

అత్తయ్య ఆ వంచిన తలమీదికి గుడ్డ పట్టుకుని నిలబడిపోయింది. చుట్టలేదు. దించలేదు. భుజం వణుకుతోంది. నేను మోచెయ్యి పట్టుకోబోతే తలతో వద్దని సైగ చేసింది.

కుర్రాడి చేతిలో వాకీటాకీ బరబరమంది. వాడు గేటువైపు చూసి, గొంతు సవరించుకుని, ఏదో అనబోయాడు.

“ఆగవయ్యా,” అంది అత్తయ్య. “కనబడటంలేదూ? పిల్ల ఆయనతో మాట్లాడుతోంది.”